పోపుకు ముందే రేపటి వాటా

ఇడ్లీ పిండిని ఎవరూ చద్ది అనరు.

ఆదివారం సాయంత్రం రుబ్బి పెడతాం. సోమవారం ఇడ్లీ. మంగళవారం దోసె. బుధవారానికి కాస్త పులుపెక్కుతుంది కాబట్టి ఉల్లిపాయ, పచ్చిమిర్చి సన్నగా తరిగి పైన చల్లి ఊతప్పం. గురువారం గిన్నె అడుగున నాలుగు గరిటెల పిండి ఉంటే జీలకర్ర, కొత్తిమీర కలిపి గుంత పొంగనాలు. మేముండే బెంగళూరులో వాటినే పడ్డు అంటారు. నాలుగు రోజులు ఒకే పిండి తిన్నా ఇంట్లో ఎవరికీ మొహం మొత్తదు. పైగా ఊతప్పానికి కొత్త పిండి బాగోదు, పులిసిందే కావాలని అడిగి మరీ తింటారు. అదే ఆదివారం వండిన పప్పు సోమవారం రాత్రి కంచంలోకి వస్తే మాత్రం "మళ్ళీ అదేనా?" అంటారు.

ఈ తేడా ఎక్కడుందా అని నేను చాలా ఏళ్ళు ఆలోచించాను. పిండి సగంలో ఆగిన వంట. దానికి ఇంకా ఏదైనా అయ్యే వీలుంది. పప్పులో ఉప్పు, పులుపు, పోపు పడ్డాక అది ఇంక పప్పే. మర్నాడు వేడి చేస్తే వేడి చేసిన నిన్నటి పప్పవుతుంది, అంతకు మించి ఏమీ కాదు. రాత్రి అందరూ తిన్నాక గిన్నెలోకి తొంగిచూసి, మిగిలినదాన్ని రేపేం చేద్దామా అనుకుంటే అప్పటికే ఆలస్యమైపోయినట్టు. పోపు గరిటె పొయ్యి మీద పెట్టకముందే రేపటి వాటా తీసి పక్కన పెట్టాలి. నేను చెప్పదలచుకున్నది ఇంతే. కానీ ఈ చిన్న మాట మా ఇంట్లో సాయంత్రాలను ఎంత మార్చిందో చెప్పాలంటే కొంచెం వివరంగా చెప్పాలి.

మేం మారతహళ్ళి దగ్గర ఉంటాం. నాది గుడివాడ, మావారిది హిందూపురం. ఇద్దరం ఉద్యోగాలకు వెళ్తాం, ఇద్దరు పిల్లలు. ఔటర్ రింగ్ రోడ్డు దాటుకుని ఇంటికొచ్చేసరికి ఏడున్నర. వాన పడితే ఎనిమిదిన్నర. కాళ్ళు కడుక్కుని వంటింట్లోకి వెళ్ళగానే "ఇప్పుడేం వండను?" అన్న ప్రశ్న వచ్చి నిలబడుతుంది. వండటానికి నలభై నిమిషాలు చాలు. ఆ ప్రశ్న తెమలడానికే ఒక్కోసారి అరగంట. ఫ్రిజ్ తలుపు తీయడం, వాడిపోయిన కొత్తిమీర కట్ట, అరడజను బెండకాయలు చూడటం, మళ్ళీ మూయడం. ఆ అరగంటలోనే ఇంట్లో ఎవరో ఒకరు ఫోన్ తీసి "ఆర్డర్ పెట్టేద్దామా?" అంటారు. వారానికి మూడు రాత్రులు అలాగే గడిచేవి.

దానికి మందు అనుకుని మొదట నేను చేసింది, ఆదివారం మధ్యాహ్నమంతా వండి డబ్బాల్లో పెట్టడం. రాజ్మా ఒక పెద్ద డబ్బా, సాంబారు ఒకటి, రెండు రకాల కూరలు. సోమవారం బాగానే గడిచేది. మంగళవారం ఫరవాలేదు. బుధవారానికి మా చిన్నోడు డబ్బా మూత రంగు చూసే అన్నం వద్దనేవాడు. గురువారం రాత్రి ఆ డబ్బాల్లో సగం తడి చెత్త బకెట్లోకి పోయేది. 2012లో మావళ్ళిపుర గ్రామస్థులు మీ నగరం చెత్త మా ఊరికి వద్దని గట్టిగా నిలబడ్డాక, బెంగళూరులో తడి చెత్త, పొడి చెత్త వేరు చేయడం తప్పనిసరి చేశారు. అందువల్ల మనం ఎంత తిండి పారేస్తున్నామో ఇక్కడ ఎవరికి వారికి కళ్ళెదుటే కనిపిస్తుంది. పొద్దున్నే చెత్త ఆటో వచ్చినప్పుడు ఆ బకెట్ ఎత్తి ఇస్తుంటే నా చేతికి బరువు తెలిసేది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచమంతా కలిపి వృథా చేసిన ఆహారం 105 కోట్ల టన్నులు. అందులో 60 శాతం ఇళ్ళ నుంచి వచ్చిందే. హోటళ్ళు, పెళ్ళిళ్ళే పారేస్తాయని నేను అనుకునేదాన్ని. ఆ లెక్కలో నా బకెట్ కూడా ఉంది.

దారి చూపించింది కింది ఇంటి ఆంటీ, మా ఓనర్ గారి భార్య. ఇక్కడి పాతకాపులు చాలామందిలాగే ఆవిడా తెలుగు మాట్లాడతారు, మధ్యమధ్యలో కన్నడం కలిపి. ఒక సాయంత్రం ఏదో పని మీద పైకి వచ్చినప్పుడు నేను ఉడికిన బొబ్బర్ల నీళ్ళు సింకులో వంచేస్తున్నాను. "అయ్యో, ఆ నీళ్ళు పారేస్తావేమ్మా? అదే కదా సారు!" అన్నారు. సారంటే మన చారు, అయినా నాకు అర్థం కాలేదు. మర్నాడు తమ వంటింట్లోకి పిలిచి చూపించారు.

ఆవిడ బొబ్బర్లు, తోటకూర ఒకే గిన్నెలో కొద్దిగా ఉప్పేసి ఉడికించారు. బొబ్బర్లని మేమంటాం, మావారి వైపు అలసందలంటారు, ఆంటీ అలసందె అంటారు. ఉడికాక చిల్లుల గిన్నె కింద ఇంకో గిన్నె పెట్టి మొత్తం వంచారు. కిందికి చిక్కటి నీళ్ళు దిగాయి, పైన గింజలు, ఆకు మిగిలాయి. ఆ గింజల్లోంచి గుప్పెడు తీసి, వేయించిన ఉల్లిపాయ, వెల్లుల్లి, ఎండుమిర్చి, ధనియాలు, జీలకర్ర, పచ్చికొబ్బరి, కాస్త చింతపండు చేర్చి మెత్తగా రుబ్బారు. ఆ ముద్దను కింద దిగిన నీళ్ళలో కలిపి మరిగించారు. వంటిల్లంతా వెల్లుల్లి వాసన. మిగిలిన గింజలకూ ఆకుకూ ఆవాలు, ఎండుమిర్చి పోపు పెట్టి, పైన కొబ్బరి తురుము చల్లారు. ఒకటి పుల్లగా, కారంగా సారు. ఒకటి కమ్మగా పల్య. మధ్యలో రాగి ముద్ద. "బసిది చేసే సారమ్మా, అందుకే బస్సారు" అన్నారు. బసియడమంటే మనం గంజి వార్చినట్టు వార్చడమే.

ఆ రాత్రి ఇంట్లో చెప్తే మావారు, "మా అమ్మ ఓళిగలప్పుడు చేసేది అదే కదా" అన్నారు. నిజమే. ఓళిగలకు, అంటే మన బొబ్బట్లకు, శనగపప్పు ఉడికించి వార్చిన కట్టుతో చారు పెట్టడం ఆయన వైపు ఉన్నదే. కర్నూలు, తెలంగాణల్లో బక్షాల చారు అంటారు. కన్నడం వాళ్ళకు ఒబ్బట్టు సారు. పండగనాడు తీపి ఒక పక్కకు, పులుపు ఒక పక్కకు, రెండూ ఒకే పప్పులోంచి. మన పెద్దవాళ్ళు ఒక్క పొయ్యి మీద రెండు వంటలు ఎక్కడ విడిపోవాలో చూసుకుని అక్కడ ఆపేవారు. నేను చేసిందల్లా ఆ విడదీయడాన్ని ఒక పూట నుంచి రెండు రాత్రులకు సాగదీయడమే.

ఇప్పుడు మా ఇంట్లో ఎలా నడుస్తుందో చెప్తాను.

సోమవారం రాత్రి కుక్కర్లో రెండు గ్లాసుల కందిపప్పు. పసుపు, చుక్క నూనె తప్ప ఇంకేమీ వేయను. విజిల్స్ అయ్యి, ఆవిరి పోయాక మూత తీసి, మెదపకముందే సగం వెడల్పాటి స్టీలు గిన్నెలోకి తీసేస్తాను. ఆ గిన్నె రేపటిది, దానికి ఉప్పు కూడా ముట్టించను. మిగిలిన సగానికి ఉప్పేసి మెదిపి ముద్దపప్పు, మీద నెయ్యి, పక్కన ఆవకాయ, గుమ్మడి వడియాలు. మంగళవారం రాత్రి ఇంటికి రాగానే ములక్కాడ, సొరకాయ, ఉల్లిపాయ ముక్కలు ఉడకబెట్టి, అవి మెత్తబడ్డాక చింతపండు రసం, ఆ తర్వాత ఫ్రిజ్‌లోని పప్పు, చివర ఇంగువ పోపు. పాతిక నిమిషాల్లో పప్పుచారు. పులుపు ముందే పడితే ముక్క గానీ పప్పు గానీ తొందరగా మెత్తబడదు. వండేవాళ్ళ చేతికి ఎప్పుడో తెలిసిన సంగతి ఇది. అందుకే నేను పులుపుకు, పోపుకు అంత విలువిస్తున్నాను. మన వంటలో ఒక పదార్థానికి పేరు పెట్టేవి ఆ రెండే. ఒకే పప్పు చింతపండుతో చారు, మామిడికాయతో మామిడికాయ పప్పు, దోసకాయతో ఇంకొకటి. ఆ పేరు పడే ఘడియ వరకు ఆగితే చాలు.

బుధవారానికి ఆ పప్పు ఒక గరిటెడు ఇంకా మిగిలితే గోధుమపిండిలో వాము, కారం, ఉప్పుతో కలిపి చపాతీలు ఒత్తుతాం. నీళ్ళు వేరే అక్కర్లేదు, పప్పు తడే సరిపోతుంది. చల్లారినా మెత్తగా ఉంటాయి. పిల్లల మర్నాటి బాక్సులోకీ అవే.

బంగాళదుంపలది ఇంకో దారి. గురువారం కిలో దుంపలు ఉడకబెడతాం. సగం చిదిమి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కాస్త శనగపిండి నీళ్ళతో పూరీ కూర. మిగతావి పొట్టు తీయకుండానే ఫ్రిజ్‌లోకి. ఉడికిన దుంప చల్లబడి బిగుసుకుంటే కత్తికి అంటకుండా ముక్కలు నీట్‌గా వస్తాయి, మూకుట్లో చితకవు, అంచులు కరకరలాడుతూ వేగుతాయి. అందుకే శుక్రవారం బంగాళదుంప వేపుడు, రసం. అప్పటికప్పుడు ఉడకబెట్టిన వేడి దుంపతో ఆ వేపుడు రాదు. ఒకరోజు ఆగిన దుంపే దానికి మేలు. పులిసిన పిండి ఊతప్పానికి మేలైనట్టే.

మాంసం దగ్గర మాత్రం ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. "సగంలో ఆపడం" అన్న మాట రుచికే వర్తిస్తుంది, ఉడకడానికి కాదు. కోడిని సగం ఉడికించి ఆపి, మర్నాడు మిగతాది ఉడికిద్దామనుకోకూడదు. సగం వేడిలో క్రిములు చావవు సరికదా, పెరగడానికి వాటికి వీలు దొరుకుతుంది. ఆదివారం మేం కోడిని పసుపు, ఉప్పు, అల్లంవెల్లుల్లితో పూర్తిగా ఉడికించి, మసాలా ముద్ద వేయకముందే మూడో వంతు తీసేస్తాం. ఆ రాత్రి గసగసాలు, కొబ్బరి వేసిన కూర. మర్నాడు ఆ తీసిన ముక్కలకు మిరియాలు, కరివేపాకు, ఉల్లిపాయలతో వేపుడు, చారన్నంలోకి. పిల్లలకు ఆదివారం కూర కంటే సోమవారం వేపుడే ఇష్టం.

ఇక అన్నం. దీని గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నేను తప్పు చేసింది ఇక్కడే.

2024 ఏప్రిల్ ఎండలు బెంగళూరు వాళ్ళకు గుర్తుండే ఉంటాయి, 38 డిగ్రీలు దాటాయి. ఫ్యాన్ కూడా సరిగా వేసుకోని ఊళ్ళో రాత్రిళ్ళు నిద్ర పట్టలేదు. ఆ నెలలో ఒక రాత్రి, మర్నాడు నిమ్మకాయ పులిహోర చేద్దామని కావాలనే ఎక్కువ అన్నం వండాను. అందరం తిన్నాక మిగతాది కుక్కర్లోనే మూత పెట్టి స్టవ్ పక్కన వదిలేశాను. పొద్దున చూస్తే వాసన లేదు, జిగురు లేదు. బాగానే ఉందనుకున్నాను. సాయంత్రం వచ్చి పోపు పెట్టి, నిమ్మకాయలు పిండి, వేరుశనగగుళ్ళు వేసి కలిపాను. ఎనిమిదింటికి తిన్నాం. పదకొండు దాటాక మా పెద్దదానికి వాంతులు మొదలయ్యాయి, గంటలో మావారికి. డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న, "అన్నం ఎప్పటిది?" అని. తెల్లవార్లూ మా పెద్దదాని పక్కన గిన్నె పట్టుకుని కూర్చున్నాను. ఆ తర్వాత ఈ విషయం శ్రద్ధగా చదువుకున్నాను.

బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా ఉండే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. గింజలాంటి గట్టి కవచంతో ఉంటుంది, దాన్నే స్పోర్ అంటారు. అన్నం ఉడికే వేడికి కూడా స్పోర్ చావదు. ఉడికిన అన్నం గది వేడిలో గంటల తరబడి ఉంటే మొలకెత్తి పెరుగుతుంది, వాంతులు కలిగించే విషాన్ని వదులుతుంది. ఆ విషం మళ్ళీ వేడి చేసినా విరగదు. "బాగా వేడి చేస్తే ఏమీ కాదులే" అన్న మన ధీమా ఇక్కడ పనిచేయదు. వాసన చూసి తేల్చుకోవడమూ కుదరదు. మూత పెట్టిన కుక్కర్ అయితే మరీ మోసం. పైన చల్లబడినట్టుంటుంది గానీ నడిమధ్య అన్నం అర్ధరాత్రి దాకా గోరువెచ్చగానే ఉంటుంది. ఆ క్రిమికి కావలసిన వేడి అదే.

కాబట్టి అప్పటి నుంచి మా ఇంట్లో రేపటి అన్నాన్ని వండిన వెంటనే, మేం కంచాల ముందు కూర్చోకముందే, వెడల్పాటి పళ్ళెంలో పలచగా పరుస్తాం. ఆవిరి పోగానే మూతున్న గిన్నెలో ఫ్రిజ్‌లోకి. వండిన రెండు గంటల్లోపు వెళ్ళాలి, ఎండాకాలం 32 డిగ్రీలు దాటితే గంటలోపే. ఫ్రిజ్ లోపల 4 డిగ్రీలు ఉండాలి. అన్నాన్ని మర్నాడే తినేస్తాం, రెండో రోజుకు ఉంచం. తీసిపెట్టిన పప్పు, గింజలు మూడు నాలుగు రోజులు ఆగుతాయి. పళ్ళెంలో పరవడానికి పట్టేది రెండు నిమిషాలు. ఈ రెండు నిమిషాలు కుదరకపోతే ఎక్కువ అన్నం వండకండి. ఈ మాట ఎవరికి చెప్పినా గట్టిగానే చెప్తున్నాను.

అలా చల్లబెట్టిన అన్నంతో పులిహోర నిజంగా బాగుంటుంది. ఉడికిన బియ్యంలోని పిండిపదార్థం చల్లబడ్డాక మళ్ళీ బిగుసుకుంటుంది, మెతుకు మెతుకుకు అంటదు. నిమ్మరసం, పోపు ప్రతి మెతుక్కీ పడతాయి. సోనా మసూరి అయితే ఇంకా బాగా విడుతుంది. అదే పెరుగన్నానికి ఈ అన్నం పనికిరాదు. దానికి వేడి అన్నం మెత్తగా మెదిపి పాలు పోయాల్సిందే.

మరి మన చద్దన్నం సంగతేమిటి అని అమ్మ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. మా అమ్మమ్మ వంటింట్లో ఒక మూల తరవాణి కుండ ఉండేది. రాత్రి అన్నం ఆ కుండలో పులిసిన నీళ్ళలో మునిగి ఉండేది. పొద్దున్నే పచ్చి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని తినేసేవాళ్ళు. పులవడమంటే లాక్టిక్ ఆమ్లం చేసే బాక్టీరియా ముందు నిలదొక్కుకోవడం. ఆ పులుపు చాలా రకాల చెడు క్రిముల్ని పెరగనివ్వదు. మట్టికుండ చెమర్చి చల్లగానూ ఉంటుంది. పైగా మధ్యాహ్నం దాకా దాన్ని ఎవరూ ఉంచేవారు కాదు. నేను చేసింది అందులో ఏదీ కాదు. నీళ్ళు లేవు, పులుపు లేదు, కుండ లేదు, అల్యూమినియం కుక్కర్లో ఇరవై గంటలు. అమ్మమ్మ పద్ధతిని నేను పాటించాననుకోవడం పొరపాటు, ఆవిడ చేసేది ఒక లెక్క ప్రకారం చేసిన పని.

మా అత్తయ్య అభ్యంతరం వేరు. హిందూపురం నుంచి వచ్చినప్పుడల్లా అంటారు: "రాత్రిది పొద్దున తినొచ్చు, పొద్దున్నది రాత్రికి తినొచ్చు. నిన్న రాత్రిది ఈ రాత్రికేందమ్మా? పిల్లలకు వేడిగా వండి పెట్టకూడదా?" ఆ మాటలో ప్రేమ ఉంది, దాన్ని నేను తీసిపారేయను. ఆవిడ కాలంలో ఫ్రిజ్ లేదు, నిన్నటిదంటే చెడిపోయిందనే అర్థం. ఆవిడ జాగ్రత్త అక్కడి నుంచి వచ్చింది. కానీ చద్ది అంటేనే చిన్నచూపు మనకు పాత కాలం నుంచీ ఉందనుకోవడం సరికాదు. పెద్దల మాట చద్దన్నం మూట అన్నది మన సామెతే. పెద్దలను పొగడటానికి ఎంచుకున్న పోలిక అది. గోపబాలురతో కలిసి చల్దులు ఆరగించిన కృష్ణుణ్ణి తలుచుకుని మురిసిపోతాం. చద్దిని చిన్నచూపు చూడటం ఫ్రిజ్ ఇంటికొచ్చాక, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు మరిచిపోయిన గిన్నెల్ని చూశాక వచ్చిందని నా నమ్మకం.

పోయిన దసరాకు అత్తయ్య ఉన్నప్పుడు పప్పుచారు చేశాను. రెండోసారి వేయించుకున్నారు. పప్పు నిన్న ఉడికిందని అప్పుడు చెప్పాను. కాసేపు చూసి, "పోపు ఇప్పుడే పెట్టినావు కదా, ఇంకేం" అన్నారు. నేను ఇంత పొడుగ్గా చెప్తున్నది ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేశారు.

ఇందులో ఇంకో విషయం ఉంది, రుచి కంటే నాకు అదే ముఖ్యం. జాతీయ గణాంక కార్యాలయం 2024లో చేసిన కాలవినియోగ సర్వే ప్రకారం, ఇంటి పని చేసే స్త్రీలు దాని మీద రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఇంటి పనిలో చెయ్యి పెట్టే పురుషులు 88 నిమిషాలు. ఈ లెక్కలోకి ఆలోచన రాదు. మధ్యాహ్నం మీటింగ్‌లో కూర్చుని పెరుగు తోడుకుందో లేదో, కరివేపాకు ఉందో లేదో అని నా బుర్రలో తిరిగే టెన్షన్‌కు ఏ సర్వేలోనూ నిమిషాలు లేవు. "ఏం చేయాలో చెప్పు, నేను చేస్తాను" అని మావారు మంచి మనసుతోనే అనేవారు. కానీ చెప్పడమే సగం పని. పొయ్యి దగ్గర నిలబడటం అలసట కాదు, ప్రతిరోజూ ఏడున్నరకు ఆ నిర్ణయం నా ఒక్కదాని నెత్తిన పడటం అలసట.

తీసిపెట్టిన గిన్నె ఆ నిర్ణయాన్ని నా బుర్రలోంచి ఫ్రిజ్‌లోకి మార్చింది. గిన్నె మూత మీద చిన్న కాగితం ముక్క అతికిస్తాం: "పప్పుచారుకి. సోమవారం." ముందు ఎవరు ఇంటికొస్తే వాళ్ళు ములక్కాడలు తరగడం మొదలుపెడతారు. ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు. మావారు ఇప్పుడు మంగళ, శుక్రవారాల రాత్రి వంట మొత్తం తనే చూసుకుంటారు. ఇది ఆయన ఒక్కసారిగా మారిపోవడం వల్ల జరగలేదు. సగం పని అయి సిద్ధంగా ఉన్న వంటను అందుకోవడం ఎవరికైనా సులువు, ఖాళీ పొయ్యి ముందు మొదలుపెట్టడమే కష్టం. ఇంటి పని పంచుకోవాలని ఎంతకాలంగానో వాదించి సాధించలేనిది, ఒక స్టీలు గిన్నె, ఒక కాగితం ముక్క వల్ల చాలావరకు కుదిరింది. స్త్రీలకు పని తగ్గించే చిట్కాగా దీన్ని చూడొద్దని నా మనవి. ఇంట్లో అందరికీ కనిపించేలా పనిని బయట పెట్టే పద్ధతిగా చూడండి.

అన్నిటికీ ఇది వర్తించదు. చేపల పులుసును మర్నాడు ఇంకేదో చేద్దామని చూడకండి. రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు తింటే ఉప్పు, పులుపు ముక్కలోకి దిగి మొదటి రోజు కంటే బాగుంటుంది, దానికి వేరే వేషం అక్కర్లేదు. గోంగూర అంతే. బెండకాయ, దొండకాయ వేపుళ్ళు ఏ పూటవి ఆ పూటే. మిగిలితే మజ్జిగ పులుసులో వేసుకోవచ్చు గానీ, దానికోసం ఎక్కువ వేయించడం నూనె దండగ. వారంలో ఏడు రాత్రులూ ఇలా జతలు కట్టాలని కూడా లేదు. మాకు రెండు జతలు, ఒక్కోసారి మూడు కుదురుతాయి. శనివారం ఏది తోస్తే అది. జతలన్నీ ముందే కాగితం మీద రాసి పెట్టుకున్న నెల ఒకటుంది, అది పది రోజులు కూడా నడవలేదు. కూరగాయల బండి మీద ఏం దొరికితే దాన్ని బట్టి ఆ సాయంత్రమే ఆలోచించుకోవడం నయం. పొయ్యి వెలిగించేటప్పుడు ఒక్క ప్రశ్న వేసుకుంటే సరిపోతుంది, దీన్ని ఎక్కడ ఆపి సగం తీయను అని.

ఈ సాయంత్రం బండి మీద లావుపాటి నల్ల వంకాయలు దొరికాయి, నాలుగు తెచ్చాను. నేను ఇది రాస్తుంటే మావారు వాటికి నూనె రాసి పొయ్యి మీద తిప్పి తిప్పి కాలుస్తున్నారు. తొక్క పగిలి నీరు కారుతున్న చప్పుడు వినిపిస్తోంది. రెండు కాయలు పచ్చిమిర్చి, జీలకర్ర, చింతపండు వేసి ఇవాళ పచ్చడికి. ఇంకో రెండిటికి తొక్క తీసి ఊరికే చిదిమి, గిన్నెలో పెట్టి, రేపు పచ్చిపులుసుకి. బెల్లం ముక్క ఎంత వేయాలన్న దగ్గర మా ఇద్దరికీ ఎప్పుడూ పడదు. రేపు వంతు ఆయనది కాబట్టి ఎక్కువే పడుతుంది.